పట్నం పెరిగింది... పాపాయి పెరగాలంటే?

"రాత్రి నుంచి ఎనిమిది సార్లు నీళ్ళలెక్క పోయిండు డాక్టరమ్మా! పాలు కూడా బంద్ జేసినం. అయినా కట్టలే."

తొమ్మిది నెలల పిల్లవాడు తల్లి ఒళ్ళో వాలిపోయి వున్నాడు. కళ్ళు లోపలికి గుంటలు పడ్డాయి. ఏడుస్తున్నాడు కానీ కన్నీళ్ళు రావటం లేదు. పొట్టమీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టుకొని వదిలితే ఆ ముడత వెంటనే సర్దుకోవటం లేదు.

"పండ్లొస్తున్నయి గద, అందుకే పోతున్నడనుకున్నం" అంటుంది వెంట వచ్చిన నాయనమ్మ.

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. వేసవిలోనూ, తొలకరి వానలప్పుడూ గనుల పట్టణాల్లో పిల్లల డాక్టర్లు పదేపదే చూసే దృశ్యమే. ఈ పిల్లవాడికి వచ్చినది వింత రోగమేమీ కాదు. దాని మందు కూడా నాలుగు రాళ్ళకు దొరికేదే. అయినా సమయానికి అందకపోతే ప్రాణం పోతుంది.

ఎందుకిలా జరుగుతుంది? తప్పంతా తల్లిదేనా?

కానే కాదు. పిల్లవాణ్ణి పెంచేది తల్లి ఒక్కతే కాదు. ఆ వాడ, ఆ కుళాయి, ఆ మురికికాలువ, ఆ పొయ్యి అన్నీ కలిసి పెంచుతాయి. లేదా అన్నీ కలిసి చంపుతాయి!

నల్ల బంగారం కోసం కట్టిన ఊరు

గోదావరిఖని, రామగుండం ప్రాంతం సంగతే చూడండి. ఎల్లందు దగ్గర 1871లో డాక్టర్ విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త బొగ్గును గుర్తించటంతో సింగరేణి కథ మొదలయింది. ఆ గనులు గోదావరి ఒడ్డున వున్న ఈ ప్రాంతానికి 1960 దశకంలో వచ్చాయి. తరువాత ఎరువుల కర్మాగారం వచ్చింది. ఎన్.టి.పి.సి. వారి విద్యుత్ కేంద్రంలో 1983లో మొదటి యూనిట్ మొదలయింది. చుట్టుపక్కల జిల్లాల పల్లెల నుంచి పని వెతుక్కుంటూ వేలాది కుటుంబాలు వచ్చాయి. 2011 జనాభా లెక్కల నాటికి రామగుండం జనాభా సుమారు 2 లక్షల 29 వేలు!

ఇంత జనం ఎక్కడ వున్నారు? పర్మినెంటు ఉద్యోగం దొరికిన వారికి కంపెనీ క్వార్టర్లు, కంపెనీ ఆసుపత్రి. మిగిలినవారు గనుల పక్కన, కాలువ గట్ల మీద, ఖాళీ జాగా కనపడ్డచోట గుడిసె వేసుకున్నారు. ముందు మనిషి వచ్చాడు, తరువాత ఇల్లు లేచింది. కుళాయీ, మురికికాలువా, మరుగుదొడ్డీ అన్నిటికంటే ఆలస్యంగా వచ్చాయి. వేగంగా పెరిగిన ప్రతి పట్నంలోనూ జరిగేది ఇదే.

ఇంకో మార్పు కూడా వచ్చింది. 1990 ప్రాంతంలో సింగరేణి మొత్తంలో సుమారు 1 లక్షా 16 వేలమంది కార్మికులుండేవారు. ఇప్పుడు వారి సంఖ్య సుమారు 40 వేలు. చాలా పనులు కాంట్రాక్టు కూలీల చేతికి వచ్చాయి. పెద్దపల్లి చుట్టుపక్కల ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలు వేరే. కాబట్టి ఒకే ఊళ్ళో, ఒకే నెలలో పుట్టిన ఇద్దరు పిల్లల బతుకులు ఒకేలా వుండవు.

జీతం ఎక్కువ, చావులూ ఎక్కువ!

"గనిలో పని దొరికితే చేతినిండా డబ్బు. ఇక పిల్లలకేం లోటు?" అని మీరనుకోవచ్చు.

ఇక్కడ ఇంగ్లండు సంగతి ఒకటి చెప్పాలి. 1911లో ఇంగ్లండు, వేల్సులలో తండ్రి చేసే పనిని బట్టి శిశు మరణాలు లెక్కవేశారు. పై తరగతి కుటుంబాలలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 76 మంది ఏడాది నిండకుండా చనిపోయారు. వ్యవసాయ కూలీల పిల్లలలో 97 మంది. బొగ్గు గని కార్మికుల పిల్లలలోనో? 160 మంది!

వ్యవసాయ కూలీ కంటే గని కార్మికుడు ఎక్కువే సంపాదించేవాడు. అయినా అతని ఇంట్లోనే ఎక్కువ ఊయలలు ఖాళీ అయ్యాయి. కారణం? ఒకదానికొకటి ఆనుకున్న ఇరుకు ఇళ్ళు, పక్కనే పెంటకుప్పలు, కలుషితమైన నీళ్ళు, గాలి ఆడని గదులు. ఆ ఏడాది ఎండలు కూడా తీవ్రంగా వుండటంతో విరేచనాలు పసివాళ్ళను ఎక్కువగా పొట్టన పెట్టుకున్నాయి.

తరువాత జరిగినది ఇంకా ముఖ్యం. 1911లో ఆ దేశంలో సగటున వెయ్యికి 130గా వున్న శిశు మరణాలు 1931 నాటికి 66కు తగ్గాయి. అప్పటికి పెన్సిలిన్ వాడకంలోకి రానేలేదు! మంచినీళ్ళు, శుభ్రమైన పాలు, మెరుగైన ఇళ్ళు, బాలింతలను ఇంటికి వచ్చి చూసే నర్సులు – ఇవే ఆ పని చేశాయి.

అంటే, జీతం ఒక్కటే బిడ్డను కాపాడదు. జీతంతోపాటు వాడ కూడా బాగుపడాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు, మిగిలిన సలహాలన్నీ దానంతట అవే అర్థమవుతాయి.

సగటు లెక్క దాచే సంగతి

మనదేశం సాధించినది తక్కువేమీ కాదు. 1971లో దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 129 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. 2020లో ఆ సంఖ్య 28. తెలంగాణలో 21. అదే ఏడాది దేశంలోని పల్లెల్లో 31, పట్టణాల్లో 19.

"అయితే పట్నమే నయం కదా!" అంటారా? ఆగండి. పట్నం సగటులో బంగళా పిల్లవాడూ, గుడిసె పిల్లవాడూ ఇద్దరూ కలిసి వుంటారు. 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పట్టణాలలోని పేదలను విడదీసి చూశారు. అయిదేళ్ళలోపు పిల్లల మరణాలు పట్టణాల సగటున వెయ్యికి 52 వుంటే, పట్టణ పేదలలో దాదాపు 73 వున్నాయి. ఆసుపత్రి కంటికి కనపడేంత దూరంలో వున్నా, ఆ గుమ్మం ఎక్కటానికి ఒక రోజు కూలి పోగొట్టుకోవాలి. పేదరికమంటే చేతిలో డబ్బు లేకపోవటమే కాదు, సమయం లేకపోవటం కూడా.

మొదటి నెల గండం

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఏడాదిలోపు చనిపోయే పిల్లల్లో మూడింట రెండు వంతులకు దగ్గరగా మొదటి నెలలోనే పోతున్నారు. నెలలు నిండకుండా పుట్టటం, బరువు తక్కువగా వుండటం, పుట్టినప్పుడు ఊపిరి అందకపోవటం, రక్తంలో చీము చేరటం – ఇవి ముఖ్య కారణాలు.

ఈ గండానికి విత్తనం గర్భంలోనే పడుతుంది. రక్తహీనత వున్న తల్లికి, చివరి రోజు వరకు ఇటుకలు మోసిన తల్లికి బరువు తక్కువ బిడ్డ పుట్టే ప్రమాదం ఎక్కువ. కాబట్టి నెల తప్పిందని తెలియగానే పేరు నమోదు చేయించుకోవాలి. ఇనుము మాత్రలు మానకుండా వేసుకోవాలి. "మాత్రలు మింగితే బిడ్డ నల్లగ పుడతడు" అనే మాట శుద్ధ అబద్ధం. ఆ మాత్రలవల్ల నల్లబడేది మలం మాత్రమే!

అదే సర్వేలో ఇంకో వింత బయటపడింది. తెలంగాణలో వంద కాన్పులలో 97 ఆసుపత్రులలోనే జరుగుతున్నాయి. కానీ పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన పిల్లలు వందకు 37 మందే! ఆపరేషన్ కాన్పు అయినా సరే, తల్లికి తెలివి వుంటే, పక్కనున్నవారు సాయపడితే గంటలో పాలివ్వవచ్చు. పసుపుపచ్చగా చిక్కగా వుండే ముర్రుపాలు పారబోయకండి. అవి బిడ్డకు మొదటి టీకా లాంటివి. తేనె, పంచదార నీళ్ళు, ఆముదం నాకించకండి.

బిడ్డ రెండున్నర కిలోలకన్నా తక్కువ వుంటే తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి పైన గుడ్డ కప్పండి. నెత్తికి టోపీ, కాళ్ళకు మేజోళ్ళు తొడగండి. మరీ చిన్న బిడ్డ అయితే ఆసుపత్రిలో డాక్టరు చెప్పినట్లు ఇలా చేయాలి. ఈ వెచ్చదనం ప్రాణాలు నిలుపుతుందని పరిశోధనలు రుజువు చేశాయి.

బాలింత మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూసే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళల్లో వుంది. ఇది చాలా ప్రమాదం! కాలే బొగ్గునుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. తల్లీబిడ్డా నిద్రలోనే పోవచ్చు.

నీళ్ళు పోతే నీళ్ళే మందు

మళ్ళీ మొదటి పిల్లవాడి దగ్గరకు వద్దాం. పళ్ళు రావటంవల్ల విరేచనాలు పట్టవు. పళ్ళు వచ్చే వయసులో పిల్లవాడు పాకుతాడు, కనపడిన ప్రతి వస్తువూ నోట్లో పెట్టుకుంటాడు. దానితోపాటు క్రిములు కడుపులోకి పోతాయి. పాపం, నింద పళ్ళమీద పడుతుంది!

విరేచనాలలో ప్రాణం తీసేది ఎక్కువగా క్రిమి కాదు, ఒంట్లోని నీరూ ఉప్పూ పోవటమే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ, సోడా ఉప్పూ, గ్లూకోజూ నీళ్ళలో కలిపి డ్రమ్ములకెత్తించి, రోగుల చేత తాగించమని బంధువులకు చెప్పారు. అంతకు ముందు నూటికి 30 వరకు వున్న చావులు 4 కంటే తక్కువకు పడిపోయాయి. ఆయన 2022లో కన్నుమూశారు. ఇవాళ మీ వీధిలో ఆశా కార్యకర్త ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లం ఆ ద్రావణానికి వారసురాలే.

వాడే పద్ధతి ఇది: చేతులు సబ్బుతో కడుక్కోండి. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో పెద్ద పొట్లం మొత్తం కలపండి. సగం పొట్లం, సగం నీళ్ళు అనే లెక్కలు వద్దు. రెండేళ్ళలోపు పిల్లవాడికి ప్రతి విరేచనం తరువాత పావు నుంచి అర గ్లాసు, అంతకంటే పెద్దవాడికి అర నుంచి ఒక గ్లాసు, చెంచాతో మెల్లగా తాగించండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టండి. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయండి.

పొట్లం దొరకకపోతే? లీటరు నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు – రెండూ తలగొట్టి కొలిచి – కలపండి. ఉప్పు ఎక్కువైతే హాని చేస్తుంది, జాగ్రత్త! కూల్‌డ్రింకులు, ఓ.ఆర్.ఎస్. లాగా కనిపించే తియ్యని డబ్బా పానీయాలు దీనికి బదులు కావు.

దానితోపాటు జింకు మాత్ర 14 రోజులు ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నవారికి 10. విరేచనాలు రెండో రోజుకే ఆగినా మాత్రలు ఆపకండి.

తల్లిపాలు మాత్రం ఆపవద్దు! ఆరు నెలలు దాటిన పిల్లలకు మెత్తటి అన్నం, పప్పుకట్టు, అరటిపండు పెడుతూనే వుండండి. పిల్లవాడు చక్కగా తాగుతూ వుంటే "ఒక సెలైన్ ఎక్కించుండ్రి సారూ" అని పట్టుబట్టకండి. అప్పుచేసి ఎక్కించే సీసా కన్నా చెంచాతో పట్టే నీళ్ళే చాలావరకు పని చేస్తాయి. విరేచనాలు కట్టే మందులు దుకాణంలో కొని పిల్లలకు వేయకండి.

అయితే పిల్లవాడు తాగలేకపోయినా, మత్తుగా పడివున్నా, మలంలో రక్తం కనపడినా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా ఇక ఇంట్లో వైద్యం వద్దు. దారిలో ఓ.ఆర్.ఎస్. పడుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

రామగుండం ఎండలు మీకు తెలియనివి కావు. "ఇంత ఎండకు నోరెండుతది" అని మూడు నెలల బిడ్డకు నీళ్ళు పట్టే తల్లులున్నారు. ఆ అవసరం లేదు. తల్లిపాలలో వందకు 88 పాళ్ళు నీళ్ళే. బిడ్డకు మాటిమాటికీ పాలివ్వండి, నీళ్ళు మీరు తాగండి! ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు వేరే నీటి చుక్క అక్కరలేదు.

పొగ, దుమ్ము, ఆయాసం

బొగ్గు తవ్వే ఊళ్ళో చవకగా దొరికేది బొగ్గే. సాయంత్రం గుడిసె ముందు రాజేసిన బొగ్గుల పొయ్యి పొగ వాడంతా కమ్ముకుంటుంది. ఓపెన్‌కాస్ట్ గనుల దుమ్ము, లారీలు లేపే దుమ్ము దానికి తోడు. ఇంట్లో వంటకు పచ్చి బొగ్గు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే స్పష్టంగా చెప్పింది. ఈ పొగ పీల్చే పసివాళ్ళకు న్యుమోనియా సులభంగా వస్తుంది.

గ్యాసు పొయ్యి వుంటే దాన్నే వాడండి. కొందరు చుట్టాలు వచ్చినప్పుడే గ్యాసు వెలిగించి, మిగిలిన రోజుల్లో సిలిండర్‌ను దాచుకుంటారు. ఇంట్లో పసిబిడ్డ వున్నన్నాళ్ళయినా ఆ పొదుపు వేరే ఖర్చులో చేసుకోండి. గ్యాసు లేకపోతే పొయ్యిని ఆరుబయట, గాలివాటం చూసి పెట్టండి. చంటిపిల్లను చంకన వేసుకొని పొయ్యి ఊదవద్దు. ఇంట్లో బీడీ, చుట్ట కాల్చవద్దు.

ఊరికే జలుబు చేసిందా, న్యుమోనియా వచ్చిందా తెలుసుకోవటం ఎలా? పిల్లవాడు నిద్రలోనో, నెమ్మదిగానో వున్నప్పుడు చొక్కా ఎత్తి, గడియారం చూస్తూ ఒక నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలలోపు బిడ్డకు 60 లేక అంతకంటే ఎక్కువ, రెండు నెలలనుంచి ఏడాదిలోపు 50 లేక ఎక్కువ, ఏడాదినుంచి అయిదేళ్ళలోపు 40 లేక ఎక్కువ వుంటే అది ప్రమాద సూచన. ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి లాగుతుంటే – దీన్నే మనవాళ్ళు పక్కలెగరేయటం అంటారు – ఒక్క గంట కూడా ఆలస్యం చేయకండి. పొట్టమీద వాతలు పెట్టించటం, పసరు పోయించటం ప్రాణం మీదికి తెస్తుంది.

అమ్మ కూలికి పోతే?

"ఇంట్లో కూర్చుంటే కూడెట్ల వస్తది?" అనే తల్లికి ఉపన్యాసం ఇచ్చి లాభం లేదు. ఆమె వెళ్ళక తప్పదు. ఎనిమిదేళ్ళ అక్క చేతిలో తమ్ముణ్ణి పెట్టి వెళుతుంది. సీసాలో నీళ్ళగా కలిపిన డబ్బాపాలు వుంచుతుంది. అటు అక్క చదువు పోతుంది, ఇటు తమ్ముడి ఆరోగ్యం పోతుంది.

దీనికి కొంత ఉపాయం వుంది. పనికి వెళ్ళేముందు, రాగానే, రాత్రిళ్ళు తప్పకుండా పాలివ్వండి. వెళ్ళేముందు చేతులు కడుక్కొని పాలు పిండి, ఉడకబెట్టిన స్టీలు గిన్నెలో మూతపెట్టి చల్లటి చోట వుంచండి. గది చల్లగా వుంటే నాలుగు గంటలు వుంటాయి, ఎండాకాలంలో ఇంకా ముందే వాడేయాలి. ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో పట్టమనండి. పాలసీసాను పేద ఇంట్లో సరిగా ఉడకబెట్టటం జరిగే పని కాదు, కాబట్టి సీసా అసలే వద్దు.

ఆరు నెలలు నిండగానే చిక్కటి అన్నం, పప్పు, కూరగాయలు, గుడ్డు మెత్తగా నలిపి, చెంచా నూనె కలిపి పెట్టండి. అంబలి, గంజి కడుపు నింపుతాయే గానీ ఒళ్ళు పెంచవు. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లూ, బాలామృతం పిల్లవాడికే పెట్టండి, ఇంటిల్లిపాదీ పంచుకోవద్దు. ప్రతి నెలా తూకం వేయించండి. రెండు నెలలు వరుసగా బరువు పెరగకపోతే రోగం కంటికి కనపడకపోయినా డాక్టరుకు చూపించాలి. తక్కువ బరువున్న పిల్లవాడికి విరేచనాలూ న్యుమోనియా రెండూ గట్టిగా పట్టుకుంటాయి.

ఈ మాట తండ్రులకు కూడా: జీతం రోజున మొదట వడ్డీవాడికో, కల్లు దుకాణానికో పోయే నోట్లలో బిడ్డ గుడ్డూ, పాలూ, పప్పూ వున్నాయి. లెక్క మీరే వేసుకోండి.

ఊరు మారినా కార్డు మారవద్దు

పుట్టగానే బి.సి.జి., పోలియో, కామెర్ల టీకా. ఆరు, పది, పద్నాలుగు వారాలకు మిగిలినవి. తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకా – ఇవన్నీ ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం. నీళ్ళ విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు చుక్కలమందు 2016లో మొదలై 2019కి దేశమంతటికీ వచ్చింది. న్యుమోనియాను అడ్డుకునే టీకా 2021లో అన్ని రాష్ట్రాలకూ అందింది.

పని కోసం ఊరు మారే కుటుంబాలలోనే టీకాలు మధ్యలో ఆగిపోతాయి. రేషన్ కార్డుతోపాటు టీకా కార్డు కూడా పెట్టెలో వేసుకోండి. కొత్త ఊళ్ళో ఆ కార్డు చూపిస్తే ఆగినచోటు నుంచే మళ్ళీ వేస్తారు, మొదటినుంచి అవసరం లేదు. కొద్దిపాటి జలుబు వున్నా టీకా వేయించవచ్చు.

వాడ చేయవలసిన పని

ఇంట్లో ఇల్లాలు ఎంత శుభ్రంగా వున్నా, కుళాయి పైపు మురికికాలువలోనుంచి వస్తే ఏం లాభం? పైపుకు చిల్లుపడితే, నీళ్ళు వదలని వేళ చుట్టూవున్న మురుగును అదే లోపలికి పీల్చుకుంటుంది. నీళ్ళు వాసన వేసినా, రంగు మారినా, ఒకే గల్లీలో ముగ్గురు నలుగురు పిల్లలకు విరేచనాలు పట్టినా అందరూ కలిసి మునిసిపాలిటీకి కాగితం రాసివ్వండి. చివరి ఇంటి కుళాయిలో కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి వుండాలి. పరీక్ష చేయమని అడగటం మీ హక్కు.

అంతవరకు తాగే నీళ్ళను తెర్లేదాకా కాచండి. మూత వున్న బిందెలో పోసి, పొడుగు కాడ గరిటెతో తీయండి. ముంత ముంచితే చేతి మురికి నీళ్ళలోకి దిగుతుంది. దొడ్డికి వెళ్ళివచ్చాక, పిల్లవాడి ముడ్డి కడిగాక, అన్నం పెట్టేముందు సబ్బుతో చేతులు కడగండి. ఇది ఒక్కటే విరేచనాలను దాదాపు మూడోవంతు తగ్గిస్తుంది. పసివాడి మలం కూడా మరుగుదొడ్లోనే పోయాలి. "చంటిదాని దొడ్డికేమైతది?" అనుకోవద్దు.

మొదట మనం చూసిన పిల్లవాడు బతికాడు. డాక్టరు అతని తల్లి చేతికే గిన్నె, చెంచా ఇచ్చి కూర్చోబెట్టింది. నాలుగు గంటలపాటు ఆ తల్లి చెంచా వెనుక చెంచా తాగించింది. సాయంత్రానికి మూత్రం పోశాడు. ఏడిస్తే కన్నీళ్ళు వచ్చాయి. పిల్లవాడి కన్నీళ్ళు చూసి తల్లి సంతోషించేది అలాంటప్పుడే!

కానీ మర్నాడు వాడు వెళ్ళేది అదే గుడిసెకు, తాగేది అదే కుళాయి నీళ్ళే. ఓ.ఆర్.ఎస్. పొట్లం ఈసారికి గండం గట్టెక్కించింది. వచ్చేసారి ఆ గండం రాకుండా చూడవలసింది డాక్టరు కాదు, ఆ వాడా, ఆ పట్నమూ. ఇవాళ మీ గల్లీ చివరి కుళాయి దగ్గరకు ఒకసారి వెళ్ళి, ఆ పైపు ఎక్కడినుంచి వస్తున్నదో చూసి రండి. మీ పాపాయి ఆరోగ్యం కోసం మీరు చేయగల మొదటి పరీక్ష అదే.